బెట్టకు రెండు దారులు: ఎడారి నాచు, కంగారూ ఎలుక

(మెట్ట సాగుపై సంఘం నిర్వహించిన అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



కరువు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఒక నాచు గురించి, ఒక ఎలుక గురించి చెప్పబోతున్నాను. ఈ రెండూ మన ప్రాంతానివి కావు. అమెరికా పడమటి భాగంలో మొహావీ అనే ఎడారి ఉంది. అక్కడ చాలా చోట్ల ఏడాది మొత్తానికి పడే వాన 150 మిల్లీమీటర్ల లోపే. అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దాన్నే మనం కరువు సీమ అంటున్నాం. అందులో మూడో వంతు కూడా పడని నేల మీద ఈ రెండు ప్రాణులూ తరతరాలుగా బతుకుతున్నాయి.

వీటి సంగతి మనకెందుకు? కారణం ఉంది. ఈమధ్య మన దగ్గరికి వచ్చే ప్రతివారూ ఒకే మాట చెబుతున్నారు. విత్తన సంచి మీద "బెట్టను తట్టుకుంటుంది" అని రాసి ఉంటుంది. సదస్సుకు వచ్చిన అధికారి "కరువును తట్టుకునే సాగు నేర్చుకోండి" అంటాడు. పత్రికల్లో "కరువును జయించే జన్యువు దొరికింది" అని వార్త వస్తుంది. తట్టుకోవడం అంటే ఏమిటి? ఎవరు తట్టుకోవాలి? దేనితో తట్టుకోవాలి? ఈ ప్రశ్నలు అడగకుండా ఆ మాటను మనం ఒప్పేసుకుంటున్నాం. ఆ నాచు, ఆ ఎలుక ఒకే ఎడారిలో ఉంటూ కరువును పూర్తిగా వేర్వేరు పద్ధతుల్లో ఎదుర్కొంటాయి. ఆ తేడా అర్థమైతే, మనకు చెప్పే మాటల్లో ఏది పనికొచ్చేదో, ఏది బరువును మన నెత్తిన పెట్టేదో తేల్చుకోగలం.

ఎండిపోయి బతికే నాచు

ముందు నాచు. వానాకాలంలో పాత గోడల మీద, బావి రాళ్ల మీద పచ్చగా మెత్తగా పట్టేదాన్ని మనం నాచు అంటాం, కొన్ని చోట్ల పాచి అంటారు. అందులో ఎన్నో జాతులున్నాయి. ఎడారిలో ఉండే ఈ జాతి పేరు సింట్రికియా కానినెర్విస్. మొహావీలోనే కాదు, చైనాలోని షిన్‌జియాంగ్ ఎడారిలో కూడా ఇది నేల మీద పరుపులా పరుచుకుని ఉంటుంది.

దీనికి మన పైర్లకు ఉన్నట్టు వేళ్లు లేవు. నేలను పట్టుకోవడానికి సన్నని పోగులు మాత్రం ఉంటాయి. నీళ్లు తాగేది ఆకుతోనే. ప్రతి ఆకు కొసన తెల్లని వెంట్రుక లాంటి ముల్లు ఉంటుంది. ఆ ముల్లు మీద కంటికి కనిపించని సన్నని గాళ్లు ఉంటాయి. మంచు, పొగమంచు ఆ గాళ్లలో చుక్కలుగా చేరి ఆకు మీదికి జారుతాయి. 2016లో శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని వివరంగా పరిశీలించి ప్రచురించారు. మన చెట్లు కింది నుంచి పైకి నీళ్లు తోడితే, ఇది పై నుంచి కిందికి తెచ్చుకుంటుంది.

నీళ్లు తెచ్చుకునే పద్ధతి కన్నా నీళ్లు లేనప్పుడు అది చేసే పని ఇంకా విచిత్రం. వాన వెళ్లిపోయాక ఈ నాచు తనలోని నీటిని నిలుపుకోవడానికి ఏ ప్రయత్నమూ చేయదు. పూర్తిగా ఎండిపోతుంది. ఒంట్లో ఉన్న నీటిలో 98 శాతానికి పైగా పోయినా చావదు. ఆకులు కాండానికి చుట్టుకుని ముడుచుకుంటాయి. రంగు నల్లబడుతుంది. ఊపిరి ఆగుతుంది, ఆహారం తయారు చేయడం ఆగుతుంది, ఎదగడం ఆగుతుంది. బతుకు పనులన్నీ ఒక్కసారిగా నిలిచిపోతాయి. మళ్లీ తడి తగిలితే కొన్ని క్షణాల్లోనే ఆకులు విచ్చుకుని పచ్చబడతాయి.

2024లో చైనా శాస్త్రవేత్తలు దీని మీద కఠినమైన పరీక్షలు చేశారు. ఎండిన నాచును మైనస్ 80 డిగ్రీల చలిలో ఐదేళ్లు ఉంచి తీశారు. మైనస్ 196 డిగ్రీలు ఉండే ద్రవ నత్రజనిలో 30 రోజులు ఉంచి తీశారు. రెండు సందర్భాల్లోనూ అది తేరుకుని మళ్లీ ఎదిగింది. అంగారక గ్రహం మీద నాటడానికి పనికొస్తుందేమో అని కూడా రాశారు. మన పత్రికల్లో కూడా ఆ వార్త వచ్చింది.

ఎలా సాధ్యం? ఎండిపోయే ముందే కణాల్లో చక్కెరలు, కొన్ని రకాల మాంసకృత్తులు పేరుకుని, నీరు పోయినప్పుడు కణం నలిగిపోకుండా గట్టి పాకంలా పట్టి ఉంచుతాయి. ఎండ వల్ల పచ్చదనం పాడవకుండా కాపాడే మరికొన్ని మాంసకృత్తులు కూడా దీనిలో ఎక్కువ. తడి తగిలాక, ఎండినప్పుడు కణపు పొరల్లో పడిన చిల్లులను అది మరమ్మతు చేసుకుంటుంది.

ఈ మరమ్మతు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మరమ్మతుకు ఖర్చు అవుతుంది. తడిసిన వెంటనే నాచు తన దగ్గర మిగిలి ఉన్న ఆహారాన్ని ఖర్చు పెట్టి ముందు శరీరాన్ని బాగు చేసుకోవాలి. ఆ తర్వాతే ఎండను వాడుకుని కొత్త ఆహారం తయారు చేస్తుంది. అంటే తడి వచ్చిన మొదటి ఘడియల్లో పెట్టుబడి, ఆ తర్వాతే రాబడి. తడి చాలాసేపు నిలిస్తే పెట్టుబడి తిరిగి వచ్చి లాభం మిగులుతుంది. తడి వెంటనే ఆరిపోతే పెట్టుబడి పోతుంది, రాబడి రాదు.

దీన్ని రుజువు చేసిన ప్రయోగం ఒకటి అమెరికాలోని కొలరాడో పీఠభూమిలో జరిగింది. 2012లో ఫలితాలు ప్రచురించారు. ఇదే నాచు ఉన్న నేల మీద వేసవిలో తరచుగా 1.2 మిల్లీమీటర్ల చిన్న జల్లు పడేలా చేశారు. నీళ్లు తగ్గించలేదు, గుర్తుంచుకోండి, అదనంగా ఇచ్చారు. అంతకుముందు నేలలో దాదాపు 25 శాతం కప్పి ఉన్న నాచు ఒక్క సీజనులోనే 2 శాతం లోపుకు పడిపోయింది.

ఐదేళ్లు గడ్డకట్టే చలిలో పెట్టినా చావని నాచు, చిన్న జల్లులకు చచ్చిపోయింది. ప్రతి జల్లుకూ మేలుకుంది, ప్రతిసారీ మరమ్మతుకు ఖర్చు పెట్టింది, లాభం రాకముందే ఎండిపోయింది. పదే పదే నష్టపోయి చివరికి దివాలా తీసింది. ఏడాది మొత్తం మీద ఎంత వాన పడిందన్న లెక్క దాన్ని కాపాడలేదు. ఒక్కో వాన ఎంత పడింది, ఎంతసేపు నిలిచింది అన్నదే దాని బతుకును తేల్చింది.

తొలకరిలో చినుకు పడగానే గొర్రు కట్టి, మొలక వచ్చాక ఇరవై రోజులు వాన లేక విత్తనం పోగొట్టుకుని, మళ్లీ విత్తనం కొన్న రైతులు ఈ గదిలో ఎంతమంది ఉన్నారో నేను అడగనక్కరలేదు. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

గుటక నీరు తాగని ఎలుక

ఇప్పుడు ఎలుక. దీని పేరు కంగారూ ఎలుక. వెనక కాళ్లు పొడుగ్గా ఉండి, కంగారూలా గెంతుతుంది కాబట్టి ఆ పేరు. మన పొలాల్లో వరి కొట్టే ఎలుకకు ఇది దగ్గరి చుట్టం కాదు. వీటిలో ఎన్నో జాతులున్నాయి. మెరియం కంగారూ ఎలుక అనేది సుమారు 40 గ్రాముల బరువుండే చిన్న ప్రాణి.

ఇది నెలల తరబడి ఒక్క చుక్క నీరు తాగకుండా, ఎండు గింజలు మాత్రమే తిని బతకగలదు. చాలాకాలం ఇదొక చిక్కుముడిగానే ఉండింది. ఒంట్లో ఎక్కడో నీళ్లు దాచుకుంటుందని కొందరు అనుకున్నారు. డెన్మార్క్ నుంచి వెళ్లిన నూట్ ష్మిట్-నీల్సెన్, బోడిల్ ష్మిట్-నీల్సెన్ అనే శాస్త్రవేత్తలు 1940ల చివర్లో దీన్ని పరిశీలించి ముడి విప్పారు. ఈ ఎలుక నీరు దాచుకోదు. దాని ఒంట్లో ఉండే నీటి శాతం మిగతా జంతువుల్లో ఉన్నంతే. అది చేసేదంతా జమాఖర్చులు సరిచూసుకోవడం.

ఆ జమాఖర్చుల పట్టిక ఇలా ఉంటుంది. ఎలుక సుమారు ఒక నెలలో 100 గ్రాముల ఎండు బార్లీ గింజలు తింటుందనుకుందాం. గింజలోని పిండి ఒంట్లో అరిగి శక్తిగా మారేటప్పుడు నీరు పుడుతుంది. ఎండు కట్టె కాలినా పొగలో నీటి ఆవిరి ఉంటుంది కదా, అలాగే. ఈ విధంగా పుట్టే నీరు 54 మిల్లీలీటర్లు. గింజలో సహజంగా ఉన్న చెమ్మ 6 మిల్లీలీటర్లు. మొత్తం జమ 60. ఇక ఖర్చు: ఊపిరి ద్వారా, చర్మం ద్వారా పోయేది సుమారు 44. మూత్రం 13.5. పెంటికల్లో సుమారు 2.5. మొత్తం ఖర్చు 60. జమకు ఖర్చు సరి.

ఇది గాలిలో తేమ ఇరవై శాతం ఉన్నప్పటి లెక్క. తేమ మరీ తగ్గితే గింజలోని చెమ్మా తగ్గుతుంది, ఊపిరిలో పోయే నీరూ పెరుగుతుంది. అప్పుడు లెక్క తప్పుతుంది. అంటే ఎలుక ఎప్పుడూ అంచు మీదే నడుస్తోంది.

ఖర్చు తగ్గించడానికి అది చేసే పనులు చూడండి. పగలంతా బొరియలో ఉంటుంది, రాత్రి మాత్రమే బయటికి వస్తుంది. బొరియలో గాలి బయటి గాలి కన్నా తేమగా ఉంటుంది. చెమట పట్టదు. దాని మూత్రపిండాలు మూత్రాన్ని మనిషి మూత్రం కన్నా నాలుగు రెట్ల దాకా చిక్కగా చేసి, కొద్ది నీటితోనే మలినాలు బయటికి పంపుతాయి. ముక్కు కూడా నీటిని దాస్తుంది. పొడి గాలి పీల్చినప్పుడు ముక్కు లోపలి తడి ఆవిరై ముక్కు చల్లబడుతుంది, మట్టి కుండ చల్లబడినట్టే. ఊపిరి వదిలేటప్పుడు లోపలి వెచ్చని గాలి ఆ చల్లని ముక్కు గుండా వస్తూ తన తేమను అక్కడే వదిలిపెడుతుంది.

ష్మిట్-నీల్సెన్ దంపతులు ఇంకో ప్రయోగం చేశారు. బార్లీ బదులు మాంసకృత్తులు ఎక్కువగా ఉండే సోయా గింజలు పెట్టారు. అప్పుడు మలినాలు పెరిగి వాటిని బయటికి పంపడానికి ఎక్కువ నీరు కావలసి వచ్చింది. జమ చాలలేదు. అలాంటి ఎలుకలకు సముద్రపు నీరు ఇస్తే తాగి బతికాయి. మనం సముద్రపు నీరు తాగితే దాహం ఇంకా పెరిగి చస్తాం. దాని మూత్రపిండాల బలం అంతటిది. అయినా ఆ ప్రయోగంలో మనం గమనించవలసింది వేరే ఉంది. ఏం తింటున్నావు అన్నదాన్ని బట్టి ఎంత నీరు కావాలన్నది మారిపోయింది. ఏ పంట వేస్తున్నాం అన్నదాన్ని బట్టి బోరు ఎంతకాలం నిలుస్తుందో మారిపోయినట్టే.

ఇది గింజలను చెక్కిళ్ల సంచుల్లో నింపుకుని వెళ్లి కొన్ని బొరియలో, కొన్ని బయట చిన్న చిన్న గుంటల్లో దాస్తుంది. మన తాతలు ధాన్యాన్ని పాతర్లలో దాచినట్టు. తిరిగి తీసుకోకుండా వదిలేసిన గింజలు వాన పడ్డాక మొలుస్తాయి. అక్కడ పెరిగే ఒక రకం ఎడారి గడ్డి చాలా వరకు ఇలా ఎలుకలు పాతిన గింజల నుంచే వస్తుంది. అరిజోనాలో ఒక ప్రయోగ క్షేత్రం నుంచి కంగారూ ఎలుకలను పన్నెండేళ్లు దూరంగా ఉంచితే అక్కడ పొదల నేల కాస్తా గడ్డి నేలగా మారిపోయింది. నాచు సంగతీ అంతే. అది కప్పి ఉన్నంత మేరా గాలికి మట్టి లేవదు. పశువులో బండ్లో తొక్కి ఆ పొర చెడితే తిరిగి కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. చిన్న ప్రాణి పోతే నష్టం దానితో ఆగదని ఈ రెండూ చెబుతున్నాయి.

రెండింటినీ పక్కపక్కన పెడితే

నాచు కరువు వచ్చినప్పుడు ఖర్చును సున్నా చేస్తుంది. దానికి దాచుకోవడం అవసరం లేదు. ఏళ్ల తరబడి ఆగగలదు, ఎందుకంటే ఆగిన కాలానికి అది ఎవరికీ ఏమీ కట్టక్కరలేదు. కానీ దానికి ఒక మూల్యం ఉంది: ఎదుగుదల అతి నెమ్మది. ఎడారిలో ఈ నాచు ఏళ్ల తరబడి ఎదిగినా వేలి గోరంత ఎత్తు దాటదు. బతకడం దానికి వచ్చు, పండించడం రాదు.

ఎలుక ఖర్చును సున్నా చేయలేదు. దాని గుండె కొట్టుకుంటూనే ఉండాలి, రోజూ తినాలి, ఊపిరి తీయాలి, పిల్లల్ని సాకాలి. అందుకే అది రోజూ పొదుపు చేస్తుంది, గింజ దాస్తుంది. దాని బలం లెక్కలో ఉంది, దాని బలహీనతా అక్కడే ఉంది. గింజ అందని నెల ఒకటి వస్తే అది నాచులా ముడుచుకుని పడి ఉండలేదు, చస్తుంది.

ఒకదాని బలాన్ని మరొకదాని నుంచి ఆశించకూడదు. పొదుపు చేయమని నాచుకు చెప్పలేం. కొన్నేళ్లు ఆగమని ఎలుకకు చెప్పలేం.

మన పైర్లు ఎటువైపు?

ఇప్పుడు మన పొలంలోకి వద్దాం. మనం పండించే ఏ పైరూ ఆకు స్థాయిలో నాచు కాదు. వరి గానీ, వేరుశనగ గానీ, కంది గానీ ఒంట్లోని నీరంతా పోయాక తిరిగి లేవదు. మన దేశంలో సంజీవని పేరుతో అమ్మే ఎండిన మొక్క ఒకటి చూసే ఉంటారు, నీళ్లలో వేస్తే విచ్చుకుంటుంది. అలాంటివి అడవి మొక్కల్లో కొన్నే. పంట మొక్కలకు ఆ శక్తి ఒక్క చోటే ఉంది: విత్తనంలో. సంచిలో ఎండిన వేరుశనగ గింజ నాచులాగే నిద్రపోతోంది. మొలకెత్తిన తర్వాత ఆ శక్తి పోతుంది, ఇక వెనక్కి రాదు.

అందుకే తొలకరి చినుకు మనకు అంత ప్రమాదం. మేలుకున్న విత్తనానికి తిరిగి నిద్రపోయే దారి లేదు. పత్తికి తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడ్డాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. మన పెద్దలు దాన్నే పదును అన్నారు. చినుకుకు, పదునుకు తేడా తెలియని రైతు లేడు. తెలిసి కూడా విత్తుతున్నాడంటే, అదను దాటిపోతుందన్న భయం, కౌలు ముందే కట్టేశానన్న బాధ అతన్ని తోస్తున్నాయి. దాన్ని అవగాహన లోపమని పిలిచే వారికి మన జవాబు ఇదే.

మొలిచిన తర్వాత ఒక్కో పైరుది ఒక్కో దారి. కొర్ర మూడు నెలల్లోపే ముగించుకుని కరువు రాకముందే తప్పించుకుంటుంది. కంది వేరు లోతుకు పంపి నీళ్లు వెతుక్కుంటుంది. జొన్న ఆకు చుట్టుకుని, మైనపు పూతతో ఆవిరిని తగ్గించుకుని, ఎదుగుదల ఆపి వాన కోసం చూస్తుంది. వేరుశనగ పూతకు ముందు కొన్నాళ్ల బెట్టను ఓర్చుకుంటుంది, తర్వాత వాన పడితే ఒక్కసారిగా పూస్తుంది. అదే వేరుశనగ ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు బెట్ట వస్తే ఓర్చుకోలేదు. చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, పీకితే కాయ ఉండదు.

కాబట్టి "బెట్టను తట్టుకుంటుంది" అని ఎవరు చెప్పినా మనం అడగవలసినవి మూడు. ఏ దశలో తట్టుకుంటుంది? ఎన్ని రోజులు తట్టుకుంటుంది? తట్టుకున్నాక ఎకరాకు ఎంత దిగుబడి ఇస్తుంది? మొక్క బతకడం వేరు, పంట పండటం వేరు. నాచు అన్నిటికన్నా గొప్పగా తట్టుకుంటుంది. దాన్ని కోసి ఎవరూ అన్నం వండలేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణతో తయారైన రెండు వరి రకాలను ప్రకటించింది. అందులో ఒకటి మన మారుటేరులో పుట్టిన ఎంటీయూ 1010, అంటే కాటన్ దొర సన్నాల నుంచి చేసినది. కరువుకు, ఉప్పుకు సంబంధించిన ఒక జన్యువును అందులో పని చేయకుండా చేశారు. దాని వల్ల ఆకు మీద నీరు ఆవిరైపోయే రంధ్రాలు తగ్గాయి, ఆకు నీటిని ఎక్కువగా పట్టి ఉంచుకుంటుంది. ఇది ఎలుక దారి, పొదుపు దారి. నాచు దారి కాదు. పొదుపు చేసే పైరుకు పొదుపు చేయడానికి ముందు నేలలో కొంత నీరు ఉండాలి. మంచి పొదుపరి కూడా ఖాళీ గాదెతో సంసారం చేయలేడు. ఆ రకం మన పొలాల్లో ఏం ఇస్తుందో, విత్తన హక్కు ఎవరి చేతిలో ఉంటుందో మనం వేరుగా చర్చించాలి. ఇవాళ్టికి నేను చెప్పేది ఒక్కటే: ఏ విత్తనమూ నీటికి బదులు కాదు.

రైతు కుటుంబం ఎటువైపు?

అసలు విషయం ఇది. పొలం ఎండినప్పుడు పైరు ఎదుగుదల ఆగుతుంది. పొలం మీద ఆధారపడిన ఇంట్లో ఏది ఆగుతుంది? బియ్యం ఖర్చు ఆగదు. పిల్లల ఫీజు ఆగదు. ఎద్దులకు మేత ఆగదు. కౌలు ఆగదు. అన్నిటికన్నా ముందు వడ్డీ ఆగదు. రాత్రి నిద్రలో కూడా అది పెరుగుతుంది. రైతు కుటుంబం ఎలుక లాంటిది, దాని ఖర్చు సున్నా కాదు. కానీ మనకు చెప్పే సలహాలన్నీ మనం నాచు అనుకుని చెప్పేవే. ఈ ఏడాది ఓర్చుకోండి, వచ్చే ఏడాది వాన పడుతుంది అంటారు. ఓర్చుకునే కాలానికి లెక్క ఎవరు కడతారు?

ప్రకృతి వైపరీత్యాలు వచ్చినప్పుడు బ్యాంకులు ఏం చేయాలో రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. పంట నష్టం 33 నుంచి 50 శాతం ఉంటే అప్పు తీర్చే గడువు రెండేళ్ల వరకు, 50 శాతం లేదా అంతకు మించితే ఐదేళ్ల వరకు పెంచవచ్చని అప్పుడు అన్నారు. అందులో మొదటి ఏడాది వసూలు ఆపాలన్నారు. చదివితే బాగుంది. కానీ వసూలు ఆగినా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. నాచుకు దొరికే విరామం రైతుకు దొరకడం లేదు. పైగా ఇది బ్యాంకు అప్పుకే. కౌలు రైతుకు బ్యాంకు గడప దాటడమే కష్టం. అతను నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చినదానికి ఏ మార్గదర్శకమూ లేదు. కరువు ప్రకటించిన మండలంలో ఆ ఏడాదికి పంట రుణం మీద వడ్డీని ప్రభుత్వమే భరించాలని, కౌలు రైతుకు యజమాని సంతకంతో పని లేకుండా గుర్తింపు ఇచ్చి అదే రక్షణ ఇవ్వాలని మనం అడుగుతున్నది ఇందుకే. ఇది దయ కోసం అడగడం కాదు. ఆగలేని ప్రాణిని ఆగమన్నప్పుడు ఆగిన కాలపు ఖర్చు ఎవరిదో తేల్చమని అడగడం.

రెండో విషయం, వానను కొలిచే పద్ధతి. రోజుకు 2.5 మిల్లీమీటర్లు పడితే వాతావరణ శాఖ లెక్కలో అది వాన పడిన రోజు. ఎండ, గాలి ఉన్న ఆషాఢంలో నేల నుంచి ఒక్క రోజులో ఆవిరయ్యే నీరు అంతకన్నా ఎక్కువే. కేంద్రం 2016లో తెచ్చిన కరువు నిర్వహణ మాన్యువల్‌లో వర్షపాతపు లోటుతో పాటు వాన లేని విరామాన్ని కూడా సూచికగా పెట్టారు. అది మనకు ఉపయోగపడే మాట, దాన్ని గట్టిగా పట్టుకోవాలి. రెండు మండలాల్లో సీజను మొత్తానికి 300 మిల్లీమీటర్లే పడిందనుకుందాం. ఒక చోట అది పది మంచి వానలుగా, పది పన్నెండు రోజులకు ఒకటిగా పడింది. ఇంకో చోట రెండు కుంభవృష్టులు, మిగతా అంతా చినుకులు, మధ్యలో ఊడలు దిగే సమయానికి నెల రోజుల బెట్ట. కాగితం మీద రెండూ ఒకటే. పొలంలో ఒకటి పంట, ఇంకొకటి కట్టె. 1.2 మిల్లీమీటర్ల జల్లులకు చచ్చిన నాచు మన తరఫున సాక్ష్యం చెబుతోంది. మొత్తాన్ని కాదు, పడిన తీరును లెక్కించండి. ఏ పైరు ఏ దశలో ఉండగా ఎన్ని రోజులు పదును లేదో చూడండి. పంటల బీమాకూ ఇదే కొలత పెట్టండి.

మూడో విషయం, ఒక తడి. కాయ ఊరే దశలో ఒకటి రెండు రక్షక తడులు అందితే వేరుశనగ రైతు గట్టెక్కుతాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల కింద తవ్విన పంట కుంటలకు పంట సంజీవని అని పేరు పెట్టారు. పేరు బాగుంది. కుంటలో నీరు ఇంకిపోకుండా అడుగు పరచాలి, ఆ నీటిని పొలానికి ఎక్కించే ఇంజను, పైపులు చిన్న రైతుకు అందాలి. లేకపోతే అది గుంటగానే మిగులుతుంది.

మనం చేయవలసింది

అడగడంతో పాటు మన చేతిలో ఉన్నది కూడా ఒకటుంది. అది ఎలుక నేర్పే పాఠం, లెక్క. 2000ల దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం ఒకటి నడిచింది. ఏపీ ఫామ్స్ అని పిలిచేవారు. వందల గ్రామాల్లో రైతులు స్వయంగా వాన కొలిచారు, బోర్ల నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని నీటి బడ్జెట్ వేసుకున్నారు. జమ ఇంత, ఖర్చు ఇంత. చదువు రాని మహిళలు కూడా ఆ లెక్క చెప్పగలిగారు. ఆ పని మనం తిరిగి మొదలుపెట్టవచ్చు.

ప్రతి గ్రామ శాఖ ఒక వర్షమాపకం పెట్టుకోవాలి. ఒక నోటుబుక్కులో రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు మూడు సంగతులు రాయాలి: తేదీ, పడిన వాన, ఆ రోజు ప్రధాన పైరు ఏ దశలో ఉంది. పదును వాన పడని రోజులను ఎర్ర సిరాతో లెక్కించాలి. వారానికొకసారి ఇద్దరు రైతులు, ఒక కౌలు రైతు, ఒక మహిళా రైతు సంతకం పెట్టాలి. మండల కేంద్రంలో ఒక్క చోట కొలిచిన అంకెను చూపించి మీ ఊళ్లో కరువు లేదు అన్నప్పుడు, ఆ నోటుబుక్కు బల్ల మీద పెట్టగలగాలి.

నాచు తన సంగతి చెప్పుకోలేదు. దాని లెక్క శాస్త్రవేత్తలు రాశారు కాబట్టి మనకు తెలిసింది. మన లెక్క మనమే రాసుకోవాలి. జూన్ మొదటి వారానికల్లా ప్రతి గ్రామ శాఖలో ఆ నోటుబుక్కు తెరవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.